మైదానానికి ఇచ్చిన హామీ

శాసనసభలో చెయ్యెత్తడం తేలిక. ఎత్తిన చెయ్యి స్పీకర్ గారి కంటపడటమే కష్టం. ఏరువపల్లి అధికార పక్ష శాసనసభ్యురాలు బత్తుల సుగుణమణి గెలిచి సభలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ చెయ్యెత్తుతూనే ఉంది. ఎవరో వెనక వరసలో ఒళ్ళు విరుచుకుంటున్నారనుకుని స్పీకర్ గారు కళ్ళు పక్కకి తిప్పుకుంటూనే ఉన్నారు.

పోనీ ఆవిడ అడగబోయేది ప్రభుత్వాన్ని పడగొట్టే ప్రశ్నా అంటే, అదీ కాదు. వాళ్ళ ఊళ్ళో బాలికల హైస్కూలు గోడ పక్కన ఒక మైదానం ఉంది. సాయంత్రమయ్యేసరికి ఆడపిల్లలు అందులో ఖో ఖో ఆడతారు. సుగుణమణి కూడా పావడా ఎగ్గట్టి అక్కడే ఆడింది, అక్కడే మోకాళ్ళు చెక్కుకుంది. ఓట్లడగడానికి వెళ్ళినప్పుడు ఆ పిల్లలు ఆవిణ్ణి చుట్టుముట్టారు. "మాకేం వొద్దు మేడం. మా గ్రౌండు జోలికి ఎవురూ రాకుండా చూడండి, చాలు" అంది జట్టు కెప్టెన్ హుసేన్‌బీ. పదో తరగతి పిల్ల, పుల్లలా ఉంటుంది, పరిగెత్తితే మాత్రం పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ ఏడు రాష్ట్ర జట్టులో చోటు ఖాయమని అందరూ అనుకుంటున్నారు. సుగుణమణి ఆ పిల్ల చేతిలో చెయ్యేసి మాటిచ్చింది. ఆ మాట మీదే తల్లులంతా కట్టకట్టుకుని వచ్చి ఓట్లేశారు.

ఇంతలో రాష్ట్రానికి పునరుత్పాదక ఇంధన విధానం వచ్చిపడింది. ఊరూరా నిరుపయోగంగా ఉన్న ఖాళీ స్థలాల్లో సోలార్ పలకలు పరచాలన్నారు. ఏరువపల్లి మైదానాన్ని చూడటానికి అధికారులు నిండు వేసవిలో, మిట్టమధ్యాహ్నం వచ్చారు. ఒక మేక తప్ప ఎవరూ కనపడలేదు. మేక కూడా ఆడటం లేదు. నిరుపయోగమని తేల్చేసి, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. ఆ ఎండలో ఖో ఖో ఎవడాడతాడయ్యా అని అడిగే నాథుడు లేకపోయాడు.

బడ్జెట్ సమావేశాల ఆఖరి రోజు వచ్చింది. ఆ రోజుకి సభలో ఒక ఆచారం ఉంది. చర్చకు నోచుకోని పద్దులన్నిటినీ సాయంత్రమయ్యేసరికి ఒక్క వేటుతో ఆమోదించేస్తారు. దాన్ని గిలెటిన్ అంటారు. ఆ వేటు పడేలోగా కాస్తయినా చర్చ జరిగిందనిపించుకోవాలి గనక, మిగిలిన వాటిని కలిపి కట్టేస్తారు. ఆ రోజు మిగిలినవి రెండు పద్దులు, ఇంధనం, క్రీడలు. రెండు శాఖలకీ మంత్రి ఒక్కరే, గౌరవనీయ వజ్రాల శేషావతారం గారు.

"గౌరవ సభ్యుల సమయం అమూల్యమైనది గనక రెండు పద్దులనూ కలిపి చర్చకు చేపడుతున్నాం" అన్నారు స్పీకర్ గారు గడియారం చూసుకుంటూ.

అంతే, సభ్యులు దేనికీ వెనకాడలేదు. మొదట లేచినాయన గాలిమరల మీద ప్రసంగం బట్టీ పట్టుకొచ్చాడు. "అధ్యక్షా, మన యువత గాలిమర వంటిది. గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది. ఇది మనకు గర్వకారణం" అన్నాడు. బల్లలు చరిచారు. తరవాతాయన కబడ్డీ మీద మాట్లాడదామని వచ్చాడు. అవుటైన ఆటగాడు మళ్ళీ లేచొచ్చి ఆడతాడు గనక కబడ్డీ ముమ్మాటికీ పునరుత్పాదకమే అని తేల్చాడు. ఈసారి ప్రతిపక్షం వాళ్ళు కూడా బల్లలు చరిచారు.

అప్పుడు లేచారు ప్రతిపక్ష నాయకులు. ఆయనకి ఉదయం నుంచీ కోపం ఉంది గాని దేనిమీద పెట్టాలో తేలలేదు.

"అధ్యక్షా, సూటిగా అడుగుతున్నాను. ఈ ప్రభుత్వం క్రీడల వల్ల ఇంతవరకూ ఎన్ని మెగావాట్లు ఉత్పత్తి చేసింది? జవాబు చెప్పలేకపోతే మంత్రిగారు రాజీనామా చెయ్యాలి!"

"సిగ్గు! సిగ్గు!" అన్నారు వెనకున్నవాళ్ళు.

శేషావతారం గారు సభలో ఏనాడూ 'లేదు' అనలేదు, 'తెలియదు' అనలేదు. ఆటలకీ మెగావాట్లకీ ఏం సంబంధమని ఎదురడిగితే గొడవ అక్కడితో వదిలిపోయేది. కాని మంత్రి అన్నవాడు ప్రశ్నకి జవాబు చెప్పాలి గాని ప్రశ్నలో అర్థముందా అని వెతక్కూడదు. "సమాచారం సేకరిస్తున్నాం అధ్యక్షా" అంటూ ఆయన గాలరీలో ఉన్న అధికారుల వైపు చూశారు. వాళ్ళు పైకప్పు వైపు చూశారు.

మంత్రిగారికి కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలని స్పీకర్ గారు సభంతా కలయజూశారు. అప్పుడు, మొట్టమొదటిసారిగా, సుగుణమణి చెయ్యి ఆయన కంటపడింది.

"రెండు నిమిషాలు" అన్నారు.

పాపం, సుగుణమణి ఎన్నాళ్ళ నుంచో కూర్చుకున్న మాటలన్నీ ఆ క్షణాన ఎటు పోయాయో తెలియదు. "అధ్యక్షా, మా ఏరువపల్లి మైదానం మీద సోలార్ పలకలు పరుస్తామంటున్నారు. అది ఖాళీ స్థలం కాదు. అక్కడ మా ఆడపిల్లలు ఆడతారు. ఒక్క సాయంత్రం వచ్చి చూడండి. ఆ పిల్లలు పరిగెత్తుతుంటే పుట్టే శక్తి ముందు మీ పలకలు ఏ మూలకి అధ్యక్షా?" అంది. గంట మోగింది, కూర్చుంది.

శేషావతారం గారి మొహం వెలిగిపోయింది.

"అధ్యక్షా! గౌరవ సభ్యురాలు చెప్పినది అక్షరసత్యం. ఆటల ద్వారా విద్యుత్ ఉత్పత్తి చేసే విప్లవాత్మక పథకాన్ని ఆ మైదానంతోనే ప్రారంభిస్తామనీ, ఇకపై ఈ రాష్ట్రంలో ఏ క్రీడ విలువైనా అది ఇచ్చే యూనిట్లను బట్టే నిర్ణయిస్తామనీ ఈ సభాముఖంగా హామీ ఇస్తున్నాను!"

ప్రతిపక్ష నాయకులు కూడా కాదనలేకపోయారు. అడిగింది ఆయనే కదా మరి! రెండు పద్దులూ ఒక్క వేటుతో ఆమోదం పొందాయి.

మైదానం దక్కిందని సుగుణమణికి పట్టరాని సంతోషం వేసింది. ఊరికి వెళితే పిల్లలు ఆవిణ్ణి భుజాల మీదికి ఎత్తుకోబోయి, మోయలేక, చుట్టూ చేరి గంతులేశారు. "ఎంత మంచి మాటన్నారు మేడం, పలకలు యాడ, మేం యాడ!" అంది హుసేన్‌బీ. అందరికీ బూందీ పంచారు.

బయట మంత్రి ఏమన్నా దాన్ని మాట అంటారు, దానికి ఎవరూ పూచీ పడరు. సభలో అంటే అది హామీ. హామీలు అమలయ్యాయా లేదా అని చూడటానికి సభకి ఒక కమిటీ ఉంది. మంత్రి మరిచిపోయినా ఆ కమిటీ మరిచిపోదు, మంత్రే మారిపోయినా వదిలిపెట్టదు. ఇచ్చిన హామీలో అర్థముందా అని అడిగే అధికారం మాత్రం దానికి లేదు. అమలైందా లేదా అన్నదొక్కటే దాని పని.

ఆ కమిటీ పేరు చెబితే ఇంధన శాఖ ప్రత్యేక కార్యదర్శి నీలమేఘం గారికి అన్నం సయించదు. నెల తిరక్కుండా ఆయన మనుషుల్నీ, యంత్రాల్నీ వెంటేసుకుని ఏరువపల్లిలో దిగారు. మైదానమంతా తవ్వించి, మట్టి కింద పలకలు పరిపించారు. ఇవి ఎండకి పనిచేసే పలకలు కావు, అడుగు పడితే కరెంటు ఇచ్చే పలకలు. గేటు దగ్గర సినిమా బోర్డంత మీటరు నిలబెట్టారు.

ప్రారంభోత్సవానికి శేషావతారం గారు వచ్చి రిబ్బను కత్తిరించారు. పిల్లలు ఖో ఖో ఆడారు. హుసేన్‌బీ ఆ రోజు ఆడిన ఆట చూసి తీరాలి. ముగ్గురిని ఒకరి వెనక ఒకర్ని తాకి పడేసింది, స్తంభం దగ్గర తిరిగిన తిరుగుడికి మంత్రిగారి గన్‌మన్ కూడా ఈల వేశాడు. మీటరు మీద అంకె కొంచెం కదిలింది. గేటు దగ్గర కట్టిన బల్బు, అక్కడొక బల్బు ఉందని తెలిసేంత మేరకు వెలిగింది.

"అద్భుతం!" అన్నారు మంత్రిగారు. ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. నీలమేఘం గారు వెళ్ళలేదు. కుర్చీ వేయించుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, ఆట వంక చూస్తూ కూర్చున్నారు.

"ఆ వరసగా కూర్చున్న పిల్లలు ఏం చేస్తున్నారు?" అన్నారు కాసేపటికి.

"కూర్చున్నారండి" అంది సుగుణమణి.

"అదే, ఎందుకు కూర్చున్నారని? జట్టులో ఒకమ్మాయి పరిగెత్తుతుంటే మిగతావాళ్ళంతా కూర్చుని ఉన్నారు. మా పరిభాషలో దీన్ని ఉత్పత్తిలో పాల్గొనని స్థాపిత సామర్థ్యం అంటాం. చాలా తీవ్రమైన విషయం."

"ఖో ఖో అంటేనే అది సార్. తరమలేకపోతే కూకున్నోళ్ళకి ఖో ఇస్తాం. అప్పుడు వాళ్ళు లేచి పరిగెత్తుతారు" అని హుసేన్‌బీ విడమరిచి చెప్పబోయింది.

"మరి అంతదాకా ఆగడం దేనికమ్మా? ముందే లేవొచ్చు కదా?"

"అందరూ లేచి పరిగెత్తితే ఇంక ఖో ఎవురికియ్యాల సార్?"

"అది సాంకేతిక అంశం. కమిటీ పరిశీలిస్తుంది" అన్నారాయన. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ఖో ఖోలో కూర్చోవడం నిషేధం.

అక్కడితో ఆగితే బాగుండును. హామీలో 'ఏ క్రీడ విలువైనా' అని ఉంది కదా, ఆ మాట పట్టుకుని నీలమేఘం గారు రాష్ట్రంలో ఉన్న ఆటలన్నిటి పని పట్టారు. చదరంగాన్ని ఫ్యాను కింద కూర్చుని, లైటు వేసుకుని ఆడతారు గనక అది విద్యుత్ చౌర్యం కిందకి వచ్చింది. చదరంగం ఆడేవాళ్ళు మాకెందుకొచ్చిన గొడవని బోర్డులు అటక మీద పెట్టేశారు. క్రికెట్టులో సిక్సరు కొడితే వికెట్ల మధ్య పరుగు మిగిలిపోతోంది. కాబట్టి సిక్సరు కొట్టినవాడు దండనగా మైదానం చుట్టూ పరిగెత్తి రావాలన్నారు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టుకోవడమంటే కదులుతున్న ఇంధన వనరుని అడ్డుకోవడమే, అది నేరం. లాంగ్ జంప్ చేసేవాళ్ళు గాలిలో ఉన్నంతసేపూ ఉత్పత్తి సున్నా గనక వీలైనంత దగ్గర్లో దూకాలన్నారు. ఆ ఏడు జిల్లా పోటీల్లో అందరికంటే తక్కువ దూరం దూకినవాడికి బంగారు పతకం ఇచ్చారు. వాడు ఇంటికెళ్ళి, పతకం చూసుకుని ఏడిచాడట, ఏడవడా మరి!

ఇవన్నీ వింటూ కూడా సుగుణమణి ఓర్చుకుంది. ఏదైతేనేం, మన మైదానం మనకి మిగిలింది కదా అనుకుంది. అలా అనుకుంటూండగానే సచివాలయం నుంచి సమీక్షకి రమ్మని పిలుపొచ్చింది.

"మేడం, మీ మైదానం లక్ష్యాన్ని చేరుకోవడం లేదు" అన్నారు నీలమేఘం గారు చాలా బాధగా. "పిల్లలు తేలిగ్గా ఉన్నారు. అడుగు వేసినా పలకకి తెలియడం లేదు."

"ఖో ఖో ఆడే పిల్లలు తేలిగ్గా కాక ఎలా ఉంటారండీ?"

"ప్రభుత్వానికి వారి మీద ఏ విధమైన ద్వేషభావమూ లేదు. కాని వర్షాకాల సమావేశాల్లోగా లక్ష్యం అందకపోతే హామీ విఫలమైనట్టు. అప్పుడు మైదానం మొదటి ప్రతిపాదన కిందకి వెళ్ళిపోతుంది. సోలార్ పలకలు పరిచేస్తాం. చుట్టూ కంచె వేస్తాం."

సుగుణమణి గబగబా లేచింది. బస్సెక్కి ఊరొచ్చేసింది. వచ్చి ఆవిడ చేసిన పని తలుచుకుంటే ఆవిడకే సిగ్గేస్తుంది, కాని చేసింది. పిల్లల నడుములకి ఇసక సంచులు కట్టించింది. "ఇంకొంచెం గట్టిగా తొక్కండమ్మా, ఇంకో రౌండు, మీ గ్రౌండు కోసమే కదా" అని గేటు దగ్గర నిలబడి, పిల్లల వంక కాకుండా మీటరు వంక చూస్తూ అరిచింది. పరిగెడుతూ పరిగెడుతూ హుసేన్‌బీ కళ్ళు తిరిగి పడిపోయింది. సుగుణమణి పరుగున వెళ్ళి ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుంది. నీళ్ళు చల్లి, సంచి విప్పి అవతల పారేసింది. ఏ ఆట కోసం సభలో గొంతు చించుకుందో ఆ ఆటని తన చేతులతోనే ఇలా చేసిపెట్టానే అని తనని తనే తిట్టుకుంది.

"ఇంక మీరు పరిగెత్తొద్దు. యూనిట్ల సంగతి నేను చూసుకుంటా" అంది.

చూసుకుంది కూడా. రేషన్ క్యూని మైదానంలోకి మార్పించింది. పెళ్ళి ఊరేగింపులు మైదానం చుట్టూ తిరిగి వెళ్ళేలా పెద్దల్ని బతిమాలింది. ఊళ్ళో బరువైన మనుషులందర్నీ ఇంటికెళ్ళి బొట్టు పెట్టి పిలిచింది. బియ్యం మిల్లు కామేశ్వరరావు గారు పొద్దునా సాయంత్రం వచ్చి నడుస్తుంటే మీటరు దడదడ కొట్టుకునేది. ఎవరో గేదెల్ని తోలుకొచ్చారు గాని, గేదెలు క్రీడాకారుల నిర్వచనంలోకి రావని నీలమేఘం గారు వాటి యూనిట్లు తీయించేశారు. లక్ష్యం మాత్రం అందింది. మైదానం మిగిలింది. ఊరందరూ సుగుణమణిని మెచ్చుకున్నారు.

ఆ వారమే రాష్ట్ర ఖో ఖో జట్టుకి ఎంపికలు జరిగాయి. తక్కెడ మీద నిలబెట్టి ఎంపిక చేశారు. హుసేన్‌బీని చూసి, తక్కెడ ఎక్కనక్కర్లేదు పొమ్మన్నారు. ఆ పిల్ల తిరిగొచ్చేసరికి మైదానంలో కాలు పెట్టే సందు లేదు. రేషన్ క్యూ ఒకవైపు, పెళ్ళివారు ఒకవైపు. ఆడపిల్లలంతా గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. హుసేన్‌బీ వాళ్ళ పక్కనే వెళ్ళి నిలబడింది.

"ఏం చేద్దామమ్మా మరి, గ్రౌండు దక్కించుకోవాలంటే..." అని సర్దిచెప్పబోయింది సుగుణమణి.

"గ్రౌండు మిగిలింది మేడం. మేమే మిగల్లా" అంది హుసేన్‌బీ. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసింది సుగుణమణి. ఇంక ఈ పీడ వదిలించాల్సిందేనని, వర్షాకాల సమావేశాలు మొదలవగానే రాజధానికి బయల్దేరింది.

ఈసారి ఆవిడ చెయ్యెత్తక్కర్లేకపోయింది. విప్లవాత్మక పథకానికి తల్లి అని పేరొచ్చింది గనక స్పీకర్ గారే పిలిచి మాట్లాడమన్నారు.

"అధ్యక్షా, కిందటిసారి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పిల్లలు ఆడితే కరెంటు రాదు. రాకపోయినా వాళ్ళని ఆడనివ్వాలి. దయచేసి నా మాటని రికార్డుల్లోంచి తీసెయ్యండి."

స్పీకర్ గారు కార్యదర్శితో గుసగుసలాడారు. "గౌరవ సభ్యురాలు తన మాటని నిరభ్యంతరంగా వెనక్కి తీసుకోవచ్చు. కాని దాని మీద మంత్రిగారు ఇచ్చిన హామీ సభ ఆస్తి. అది వెనక్కి పోదు" అని రూలింగ్ ఇచ్చారు.

"పథకం విఫలమైందని అధికార పక్షమే ఒప్పుకుంది!" అని ప్రతిపక్ష నాయకులు ఒక్క గంతు వేశారు. వాళ్ళ పక్షమంతా పోడియం దగ్గరికి దూసుకొచ్చింది. వాళ్ళని వెనక్కి నెట్టడానికి అధికార పక్షం దూసుకొచ్చింది. తోపులాట, కేకలు, బల్లల మీద దరువులు, కాగితాల వాన. సుగుణమణి మాట ఎవరికీ వినపడలేదు.

అప్పుడు ఒక వింత జరిగింది. సభ్యులకి పథకం గొప్పతనం చూపించాలని నీలమేఘం గారు పోడియం ముందు తివాచీ కింద నాలుగు పలకలు పరిపించి, గోడకి మీటరు పెట్టించి ఉంచారు. అందరూ దాన్ని మరిచిపోయారు. ఇప్పుడా మీటరు గిర్రున తిరిగింది. సభలో దీపాలు ధగధగలాడాయి. ఏసీలు గుర్రుమన్నాయి. అధికారుల గాలరీలో నీలమేఘం గారు లేచి నిలబడ్డారు, ఆయన కళ్ళద్దాలు మెరిసిపోయాయి.

"అధ్యక్షా!" అన్నారు శేషావతారం గారు రొప్పుతూ, చిరిగిన కండువా సర్దుకుంటూ. "రాష్ట్రంలోని మైదానాలన్నీ కలిపి ఇచ్చినదానికన్నా ఎక్కువ యూనిట్లు ఈ సభ ఇప్పుడు ఇచ్చింది. యూనిట్లను బట్టి ఈ రాష్ట్రంలో సర్వోత్తమ క్రీడ సభా కార్యక్రమమే అని సవినయంగా మనవి చేస్తున్నాను!"

కొట్టుకుంటున్నవాళ్ళు చేతులు దించారు. ఒకర్నొకరు చూసుకున్నారు. ఎన్నేళ్ళుగా తాము చేస్తున్నదానికి ఇన్నాళ్ళకి గుర్తింపు వచ్చినందుకు కొందరు సభ్యుల కళ్ళు చెమర్చాయి. "పోడియం ముందు స్థలం మరీ ఇరుకుగా ఉంది అధ్యక్షా, మా ప్రతిభ పూర్తిగా బయటికి రావడం లేదు" అని ప్రతిపక్ష నాయకులు వాపోయారు. అధికార పక్షం ఏకీభవించింది. పలకలు పరిచి సిద్ధంగా ఉన్న విశాలమైన చోటు రాష్ట్రంలో ఒక్కటే ఉంది. వచ్చే సమావేశాలు ఏరువపల్లి మైదానంలో జరపాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. గౌరవ సభ్యురాలు సుగుణమణి గారికి ధన్యవాదాలు చెప్పింది.

ఏరువపల్లి చరిత్రలో అంతమంది పెద్దమనుషులు ఎన్నడూ రాలేదు. మైదానం నిండా షామియానాలు, బల్లలు, మైకులు. చుట్టూ ఇనుప కంచె, కంచె చుట్టూ పోలీసులు. రేషన్ క్యూ మళ్ళీ డిపోకి వెళ్ళిపోయింది. బియ్యం మిల్లు కామేశ్వరరావు గారిని కూడా లోపలికి రానివ్వలేదు. సభ మొదలయ్యీ కాకముందే ఒకాయన మైకు విరిచాడు, ఇంకొకాయన కుర్చీ ఎత్తాడు, మీటరు అందుకుంది. ఊళ్ళో మిట్టమధ్యాహ్నం వీధి దీపాలు వెలిగాయి.

ఆడపిల్లలు కంచె బయట నిలబడి చూస్తున్నారు. నలుగురు సభ్యుల్ని మార్షల్స్ ఎత్తుకెళ్ళి గేటు బయట దించారు. వాళ్ళు పక్క గేటులోంచి మళ్ళీ లోపలికి పరిగెత్తారు.

"మేడం, ఈళ్ళు అవుటైనా బయటికి పోరేంది?" అని అరిచింది హుసేన్‌బీ కంచె మీదుగా.

వెనక వరసలో కూర్చున్న సుగుణమణికి ఆ మాట వినపడింది. ఆవిడ ముందున్న బల్ల వంక చూసింది, ఎత్తిన కుర్చీల వంక చూసింది. తను ఇచ్చిన మాటకి ఇన్నాళ్ళకి మిగిలింది ఇదీ అనుకుంది. "దీనికి నిరసనగా వాకౌట్ చేస్తున్నాను అధ్యక్షా" అంది. ఎవరూ వినలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, గేటు దాటి, పిల్లల దగ్గరికి వచ్చింది.

"ఆడండే. ఇక్కడే, రోడ్డు మీద ఆడండి. నేనూ ఆడతా. ఎవడు కాదంటాడో చూస్తా" అంది. ఏడుపొకవైపు, కోపం ఒకవైపు తన్నుకొస్తున్నాయి ఆవిడకి.

పిల్లలు మొదట నవ్వారు, తరవాత నిజమేనని తెలిసి రోడ్డు మీద గీతలు గీశారు. వరసగా కూర్చున్నారు. సుగుణమణి కూడా చీర దోపుకుని, మూలుగుతూ మోకాళ్ళు వంచి, ఇద్దరు పిల్లల మధ్య కూర్చుంది. ఎన్నాళ్ళకి కూర్చుందో! ఒక్క యూనిట్టు కూడా ఉత్పత్తి చెయ్యకుండా, హాయిగా, తన వంతు కోసం చూస్తూ కూర్చుంది. హుసేన్‌బీ పరుగు తీసింది. ఆ పరుగు చూసి కంచె దగ్గరున్న పోలీసులు లాఠీలు చంకలో పెట్టుకుని ఇటు తిరిగి నిలబడ్డారు. లోపలున్న సభ్యుల్లో కూడా ఒకరిద్దరు కొట్టుకోవడం ఆపి చూశారు.

శేషావతారం గారు కూడా చూశారు. మైకు ఖంగున మోగింది.

"అధ్యక్షా! మన గౌరవ సభ్యురాలు ఈనాడు స్వయంగా రోడ్డు మీద ఆడి రాష్ట్రానికి మరో మార్గం చూపించారు. ఆ రోడ్డును కూడా ఈ పథకంలో చేర్చి, వెంటనే తవ్వించి, పలకలు పరిపిస్తామని ఈ సభాముఖంగా హామీ ఇస్తున్నాను!"

బల్లలు మోగాయి. నీలమేఘం గారు అప్పుడే టేపు పట్టుకుని గేటు వైపు వస్తున్నారు. హుసేన్‌బీ పరుగు ఆపింది. ఆయన్ని చూసింది, రోడ్డుని చూసింది. కూర్చున్న పిల్లల్ని ఒక్కొక్కరినే భుజం తట్టి లేపింది. సుగుణమణికి చెయ్యి అందించి పైకి లేవదీసింది.

"లెగండి మేడం, ఆయనొచ్చేలోపు బిన్నా రండి" అంది గొంతు తగ్గించి. "స్కూలు ఎనకమాల సందు ఉంది. దానికింకా ఎవురూ హామీ ఇయ్యలా."